సింగపూర్ వెళ్లొచ్చిన సున్నం

రైలు మధ్యాహ్నం పన్నెండున్నరకైతే పదకొండింటికే రాజమండ్రి స్టేషన్లో ఉన్నాను. ప్రయాణమంటే నాకు కాలు నిలవదు. ఈసారి మరీను. సంచిలో మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, కట్టిచ్చిన సున్నం పొట్లం, కుంచె ఉన్నాయి.

మామ్మ కడుపులో ఉండగానే వాళ్ల నాన్న రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లి సింగపూర్లో చనిపోయారు. అక్కడే సమాధి చేశారు. వాళ్లమ్మ ఆ సమాధి చూడకుండానే పోయింది. మా మొగల్తూరులో ఏటా సమాధుల పండగకి మా వాళ్ల సమాధులకి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. వాళ్లమ్మ సమాధికి వేస్తున్నంతసేపూ మామ్మ "మా నాన్నకెవరు వేస్తారే?" అని ఏడుస్తుంది. ఈ ఏడు మంచం పట్టాక, ఆయన సమాధికీ సున్నం వేసి రమ్మని నన్ను పంపింది. పండగ దగ్గర పడింది. ఈలోగా ఆవిడకేమైనా అవుతుందేమోనని నా భయం.

ఎదురు సీటులో కూర్చున్న భీమవరం ఆవిడ సంగతంతా విని, "సున్నం అక్కడ దొరకదేంటండి?" అంది.

"మా ఊరి సున్నమే వెయ్యాలందండి మామ్మ."

ఆవిడ తన పులిహోర నాకూ పెట్టింది. నాలుగు ముద్దలు కూడా తినలేకపోయాను.

విశాఖ విమానాశ్రయంలో పొట్లం విప్పించి, తిప్పి తిప్పి చూశారు. తిరిగి ఇచ్చేలోగా నా ప్రాణాలు పోయినంత పనైంది.

తెల్లారి సింగపూర్లో దిగి, మెట్రో, ఆపైన బస్సు పట్టుకుని తొమ్మిదిన్నరకి సైనికుల శ్మశానానికి చేరాను. వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, ఎండ మండిపోతుంది. వరసలు వరసలుగా ఒకటే ఎత్తు సమాధి రాళ్లు. ముత్తాత పేరు కనబడగానే ఏడుపొచ్చేసింది.

నీళ్లు పోసి సున్నం కలపబోతుంటే తోటపని చేసే తమిళాయన పరుగున వచ్చాడు. "రాయికి ఏదీ పూయకూడదమ్మా. మేమే కడుగుతాం," అన్నాడు వచ్చీరాని తెలుగులో. బతిమాలాను. విసుక్కున్నాను కూడా. వినలేదు. కొవ్వొత్తికి మాత్రం సరేనన్నాడు. వెలిగించి, ప్రార్థన చేసుకుని వచ్చేశాను. మామ్మకేం చెప్పాలో తెలియక ఫోన్ చెయ్యలేదు.

తిరుగు ప్రయాణంలో, రైలు తునిలో ఆగినప్పుడు తనే చేసింది.

"వేశావా?"

"వెయ్యనివ్వలేదు మామ్మా. రాయి అప్పటికే తెల్లగా ఉంది. చుట్టూ పూలమొక్కలు. అక్కడివాళ్లు కడిగి చూసుకుంటున్నారు."

"ఎవరూ లేనట్టు పడున్నాడనుకున్నానే ఇన్నాళ్లూ," అంది. "సున్నం పారేశావేంటి?"

"లేదు, సంచిలోనే ఉంది."

"తీసుకొచ్చెయ్. ఆయన దగ్గరికెళ్లొచ్చింది కదా. అది మా అమ్మకి వేద్దాం."

సామర్లకోట రాగానే సంచి తీసుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. రాజమండ్రి ఇంకా ముప్పావుగంట ఉంది.