అత్తను కూర్చోబెట్టాం

మా అత్త సగం జీవితం ఊళ్లోవాళ్ల ఇళ్లు కట్టడంలోనే గడిచింది. మహబూబ్‌నగర్ నుంచి బొంబాయి వచ్చిన కొత్తలో సిమెంటు తట్ట నెత్తిన పెట్టుకుని పరంజాలు ఎక్కేదట. ఎనభైల్లో నేను కోడలిగా కామాటిపురలోని ఒంటిగదుల చాల్‌కి వచ్చేసరికి కూలి మానేసింది. కింద నల్లా దగ్గర నుంచి రెండో అంతస్తులోని మా గదికి నీళ్లు మాత్రం తనే మోసేది. బిందె అందుకోబోతే కసిరేది. తెల్లారకముందే ఆమె జొన్నరొట్టె చరిచే చప్పుడు వినిపించేది. ఆ చప్పుడంటే నాకిప్పటికీ బెంగే.

మా ఆయనకు ఒక ఆఫీసులో ప్యూను ఉద్యోగం పర్మనెంటయింది. ఇక చూడండి, దొరగారి ఆజ్ఞలు! వాళ్లమ్మ బిందె ముట్టకూడదు, ఇంట్లో రొట్టె, తైదల అంబలి కనిపించకూడదు.

"ఇంకా కూలోళ్లమా మనం? చేసింది చాలవ్వా. మంచం మీద కూసో, చాయ్ పావ్ తిను" అన్నాడు.

పాపం, ప్రేమతోనే అన్నాడు. నాకూ సంతోషమే అయింది. అత్తతో నీళ్లు మోయిస్తోందని గదుల ముందరి గ్యాలరీలో ఆడవాళ్లు నన్ను ఆడిపోసుకోవడం తప్పింది కదా.

అత్త చాయ్‌లో పావ్ ముంచుకుంటూ గొణిగేది. "కూసుండి తింటే కొండలే కరుగుతయంట. నా బొక్కలెంత బిడ్డా?" తన ఎముకల మాటకు మేం నవ్వేవాళ్లం.

కొన్నేళ్లకు ఒక వానాకాలం ఉదయం అత్త గ్యాలరీ చివర సండాసు దొడ్డికి పోతూ తడి బండ మీద జారింది. పెద్దగా పడలేదు కూడా, చెయ్యి ఆనించి కూలబడింది. అంతకే మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎముకలు గుల్లబారాయంది. ఈసారి తుంటి విరిగితే లేవడం కష్టమంది. పాలు, రాగులు, అవే మా తైదలు, నువ్వులు, ఆకుకూరలు పెట్టమంది. ఎండ తగలాలంది, నడిపించమంది. చెయ్యి కుదురుకున్నాక చిన్న చిన్న బరువులు ఎత్తితే మంచిదేనంది.

తిరిగొచ్చేటప్పుడు టాక్సీలో అత్త నా చెయ్యి పట్టుకుంది.

"నన్ను సండాసుకు ఇంకొకరు ఎత్తుకపోయే దినం రావద్దు పిల్లా. గదొక్కటే నా కోరిక."

ఆమె భయపడటం నేను చూడటం అదే మొదలు.

మర్నాడే రొట్టె పెనం కిందికి దించాను. మా ఆయన ముఖం ముడుచుకున్నాడు. ముడుచుకోనీ, ముఖమేగా! నాగ్‌పాడా నుంచి మేక కాళ్లు తెచ్చి షోర్వా కాచేదాన్ని, మునగాకు దొరికితే పప్పులో వేసేదాన్ని. పొద్దున గ్యాలరీలో ఎండ పడే మూలన అత్తను నిలబెట్టేదాన్ని. కొన్నాళ్లకు గ్యాలరీ పొడవునా నడిచింది. మరికొన్నాళ్లకు నా భుజం పట్టుకుని మెట్లు దిగింది. ఆయన డ్యూటీకి పోయాక కింద నుంచి ముందు చెంబుతో, తర్వాత చిన్న బిందెతో నీళ్లు తెచ్చేది.

"అత్తతోని నీళ్లు మోపిస్తున్నవ్, సిగ్గు లేదానే?" అంది ఎదురుగదామె.

"లేదక్కా. ఉంటే ఈపాటికి మా అత్త మంచంల పడేది" అన్నాను. అనడమైతే అన్నాను గానీ, గదిలోకి వచ్చి ఏడ్చాను.

ఒకరోజు ఆయన ఒంట్లో బాగాలేదని డ్యూటీ నుంచి తొందరగా వచ్చేశాడు. అప్పుడే అత్త చంకన చిన్న బిందెతో, రెండో చేత్తో మెట్ల పక్క కమ్మీ పట్టుకుని మెట్లెక్కుతోంది. గ్యాలరీలో అందరూ చూస్తున్నారు. ఆయన గబగబా ఎక్కి బిందెకు చెయ్యి చాచాడు.

"ముట్టకు బిడ్డా" అంది అత్త, ఆగకుండానే. "ఇయ్యాల దీన్ని మొయ్యనియ్యకుంటే, రేపు నన్ను మొయ్యాల్సొస్తది."

ఆయన ముఖం ఎర్రబడింది. నావైపు చూశాడు, చూస్తున్నవాళ్లవైపు చూశాడు. యూనిఫాంతోనే గోడకు ఒదిగి తల్లికి దారిచ్చాడు. తర్వాత ఒక మెట్టు వెనకగా, పడితే పట్టుకోవడానికి రెండు చేతులూ చాపుకుని, ఆమె ఎక్కినంత నెమ్మదిగా తనూ ఎక్కాడు.