చేతికందే ఎత్తున ఆయన పేరు

మా ఆయన పేరు ఒక ప్రభుత్వ భవనానికి పెడుతున్నారని కబురొచ్చినప్పుడు నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఒక్క మనిషికి ఎన్ని కాయలు కావాలో, ఆయన పోయి రెండేళ్ళయినా నా చేతికి తెలియలేదు. ఎప్పుడూ ఇద్దరికి సరిపడా వండేస్తాను. మిగిలింది పనిమనిషి పట్టుకెళుతుంది. ఈమధ్య ఆవిడ కూడా అదోలా మొహం పెడుతోంది. మాకు పిల్లలు లేరు.

కబురు తెచ్చింది వికలాంగుల సంఘం అధ్యక్షుడు. పోలియో మనిషి, మూడుచక్రాల బండి మీద తిరుగుతాడు, నన్ను వదినా అని పిలుస్తాడు. శ్రీకాకుళం నుంచి ఎచ్చెర్ల వెళ్ళే దారిలో దివ్యాంగుల సేవాకేంద్రం కడుతున్నారట. సర్టిఫికెట్లు, చేతికర్రలు, చెవి మిషన్లు, పింఛను కాగితాలు అన్నీ ఒక్కచోటే ఇస్తారట. దానికి మా ఆయన పేరు ఖాయమైందని చెప్పి, బండి మీద కూర్చునే కళ్ళు తుడుచుకున్నాడు.

ఆయనకు నాలుగో ఏట అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయాయి. పెళ్ళయినప్పటి నుంచీ ప్రతి సోమవారం కలెక్టరాఫీసులో గ్రీవెన్సుకి వెళ్ళేవాళ్ళం, ఆయన చెయ్యి నా భుజం మీద. ఆయన చెబుతుంటే నేను అర్జీ రాసేదాన్ని. ఒకడికి బస్సు పాసు రాలేదని, ఒకామెకు పింఛను ఆగిపోయిందని, కాళ్ళు లేని పిల్లకి బడిలో కింది గది ఇవ్వమని. దివ్యాంగులనే మాట కొత్తగా వచ్చినప్పుడు, గుడ్డోడన్నప్పుడూ బస్సు ఆపలేదు, ఇప్పుడూ ఆపట్లేదు అని నవ్వి, దాని మీద కూడా ఒక అర్జీ రాయించారు. అంత మొండిఘటం. నేనూ ఏం తక్కువ తినలేదు, అందుకే కాపురం సాగింది.

కట్టడం చూడ్డానికి వెళ్ళాను. కాంట్రాక్టరు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, పైకి చూపించాడు. రెండో అంతస్తు మీద స్టీలు అక్షరాలు పెడతారట, ఒక్కో అక్షరం మనిషెత్తు, బస్సులో పోయేవాళ్ళకి కూడా కనిపిస్తుందట. బాగానే ఉంది గానీ, కళ్ళు లేనివాళ్ళకి ఎలా తెలుస్తుందని అడిగాను. గుమ్మం పక్కన నడుమెత్తున, చుక్కల లిపిలో కూడా ఆయన పేరు పెట్టమన్నాను. వేళ్ళతో తడిమి చదువుకునే లిపి అది. కాంట్రాక్టరు నాలిక కరుచుకున్నాడు. పెద్దవాళ్ళ పేరు కింద పెట్టడం అపచారమన్నాడు. సంఘం అధ్యక్షుడూ అదే పాట.

"పెద్దాయన పేరు నడుం కాడ పెడితే లోకం ఏటంటాది వదినా? వచ్చినోడల్లా ఆనుకుంటాడు, కిళ్ళీ సున్నం రాసి పోతాడు."

"ఆనుకోనీ. ఆ పైన పెట్టింది కాకులు సదువుకోడానికా?"

అతను బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. మా ఇంటికి రావడం కూడా మానేశాడు. వచ్చే ఆ ఒక్క మనిషీ రాకపోయేసరికి, ఎందుకు నోరు పారేసుకున్నానా అనిపించింది. అయినా తగ్గలేదు. సోమవారం పొద్దున్నే తెల్లకాగితం తీసుకుని అర్జీ రాశాను. ఎన్నో వేల అర్జీలు రాసిన చెయ్యి, నా కోసం రాసుకోవడం అదే మొదలు. వరసలో నిలబడ్డాను. భుజం మీద బరువు లేక నడక కూడా తిన్నగా రాలేదు. అధికారి కుర్రవాడు, మర్యాదస్తుడు. మీకు ఆ లిపి వచ్చా అని అడిగాడు. వచ్చన్నాను. అయితే రేకు మీరే చేయించి తెచ్చి ఇవ్వండి, బిగించమంటాను అని సంతకం పెట్టాడు.

నాకు రాదు. ఆ మాట బయటికి చెప్పడానికి సిగ్గు. ఆయన మా వసారాలో కూర్చోబెట్టి ఎంతమందికో ఆ లిపి నేర్పారు. నౌపడ నుంచి ఒక పిల్ల వచ్చేది, ఉప్పుమళ్ళలో పనిచేసేవాళ్ళ కూతురు, పుట్టుగుడ్డిది. ఆరు నెలల్లో గడగడా చదివేసింది. నన్నూ నేర్చుకోమని ఆయన రెండు మూడుసార్లు అడిగారు. చదివి వినిపించడానికి నేనున్నాను కదా, నాకెందుకీ చుక్కలు అని పొగరు. కూర మాడిపోతోందంటూ లేచిపోయేదాన్ని. ఇప్పుడు ఆ పిల్లని పిలిచి, అమ్మా నా మొగుడి పేరు ఎలా రాస్తారో చూపించు అని ఏ మొహంతో అడగను?

ఆయన బీరువాలో చుక్కల కాగితాలు కట్టలు కట్టలున్నాయి. తీసి మంచం మీద పరిచాను. అన్నిటికీ పై వరస ఒకటే. రెండు మాటలు, మధ్యలో కాస్త ఖాళీ. అర్జీలన్నీ చూసినదాన్ని, అర్జీ అన్నాక ముందుండేది పేరే. ఇంటిపేరు, పేరు, ఇంకేముంటుంది అనుకున్నాను. పై వరస వరకు కత్తిరించి, మా పుట్టింటివైపు బొబ్బిలిలో గిన్నెల మీద పేర్లు కొట్టే ముసలాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ముసలాయన కాగితం తిరగేసి ఇత్తడి రేకుకి అంటించి, గుంట గుంటకీ మేకు పెట్టి సుత్తితో కొట్టాడు. అవతలి పక్క చుక్కలు ఉబ్బెత్తుగా లేచాయి. ఎంత ముచ్చటేసిందో. బస్సులో వస్తున్నంతసేపూ ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను.

ప్రారంభం రోజున పెద్దలు పైన అక్షరాలకు పూలు చల్లబోయారు, అందలేదు. నేను గుమ్మం పక్కన, బిగించిన రేకు దగ్గర నిలబడ్డాను. నౌపడ పిల్ల వచ్చింది. ఇప్పుడు పెద్దదై, చీర కట్టుకుని, చేతికర్రతో. దాని చెయ్యి పట్టుకుని రేకు మీద పెట్టాను. ఒకసారి తడిమింది. మళ్ళీ తడిమింది.

"పిన్నీ, ఇది బాబాయి పేరు కాదు."

"మరేటున్నాది?"

"‘ఒసే, రాసుకో’ అనున్నాది."

ఆదివారం సాయంత్రాలు ఆయన పలక మీద కాగితం బిగించి సూదితో పొడుచుకుంటూ ఉండేవారు, మర్నాడు నా చేత ఏమేం రాయించాలో మరిచిపోకుండా. వేళ్ళతో చూసుకుంటూ, ఒసే, రాసుకో అని మొదలుపెట్టేవారు. నాకు పేరు లేదా అని నేను విసుక్కునేదాన్ని. నోటి అలవాటనుకున్నాను. తను తప్ప ఎవరూ చదవని కాగితం మీద కూడా ముందు నన్నే పిలుచుకున్నారని నాకేం తెలుసు? అంత జనంలో ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆయన పేరు తలుచుకుని ఏడుస్తున్నాననుకుని ఎవరో మంచినీళ్ళిచ్చారు.

ఎవరికీ చెప్పొద్దని ఆ పిల్ల చేత ఒట్టేయించుకున్నాను. తప్పు దిద్దించాలంటే మళ్ళీ అర్జీ పెట్టాలి. నాలుగు సోమవారాలు పోనిచ్చాను. ఈలోగా రోజు విడిచి రోజు బస్సెక్కి వెళ్ళి రేకు మీద చెయ్యేసి నిలబడేదాన్ని. తప్పు అలాగే వదిలేసినందుకు ఆయనుంటే నన్ను కడిగేసేవారు. ఉండి కడిగేస్తే ఎంత బాగుండును.

అయిదో వారం అక్కడుండగా ఒక పెద్దాయన చేతికర్రతో వచ్చాడు. కళ్ళు లేవు, ఊరికి కొత్త. వేళ్ళతో రేకు చదివాడు, ఆగాడు, ఇంకోసారి చదివాడు. తప్పు గుమ్మానికి వచ్చాననుకుని వెనక్కి తిరిగి రోడ్డు మీదికి నడిచిపోయాడు. లారీలు తిరిగే రోడ్డు. పరిగెత్తుకెళ్ళి రెక్క పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను.

ఆ సోమవారమే అర్జీ ఇచ్చాను, నాకు లిపి రాదని కూడా అందులోనే రాశాను. ఈసారి నౌపడ పిల్ల సరిచూసిన రేకు బిగించారు. అందులో ఆయన పేరుంది.

పాతది ఇంటికి తెచ్చుకున్నాను. ఆ పిల్ల అప్పుడప్పుడు వస్తోంది. వేలు పట్టి లిపి నేర్పుతాను, బీరువాలో కాగితాలన్నీ నువ్వే చదువుకోవచ్చు పిన్నీ అంటుంది. వద్దంటున్నాను. ఎన్ని కట్టలైనా చదువుతూ పోతే ఒకరోజుకి అయిపోతాయి. ఆ తరవాత ఆయన నాకు చెప్పేది ఇంకేమీ మిగలదు.