చాలు అన్న గొంతు

దయ్యాల కథలు నేను చెప్పేదాన్నే గాని నమ్మేదాన్ని కాదు. అశోక్ నగర్‌లో నా టిఫిన్ సెంటర్‌కు వచ్చే పోటీ పరీక్షల పిల్లల్ని అడగండి. దోసె కాలేలోపు ఒక దయ్యాన్ని పుట్టించి, చట్నీ వేసేలోపు దాన్ని మేడెక్కించి, పార్సిల్ కట్టేలోపు మాయం చేయగలను. కథను ఎక్కడ అతికించాలో, ఎక్కడ సాగదీయాలో తెలిసినదాన్ని కాబట్టి, ఎదుటివాళ్లు చెప్పే దయ్యం కథలో అతుకులు నాకు ఇట్టే కనబడతాయి. అందుకే ఏనాడూ భయపడలేదు.

ఇప్పుడు చెప్పేదాంట్లో అతుకు ఎక్కడుందో నేనే చాలా వెతికాను. మీకు కనబడితే మీరు అదృష్టవంతులు.

నాకు గర్భసంచి జారింది. ఈ ఒక్క వాక్యం నోటితో చెప్పడానికి నాకు చాలా కాలం పట్టింది. పొద్దున లేచినప్పుడు బాగానే ఉండేది. పెనం ముందు నిలబడిన కొద్దీ కింద బరువు దిగేది. కూర్చుంటే ఉల్లిగడ్డ మీద కూర్చున్నట్టు ఉండేది. దగ్గితే భయం, తుమ్మితే భయం, పిండి గిన్నె ఎత్తాలంటే ఇంకా భయం.

స్టూలు వేసుకుని ఎందుకు కూర్చుంటున్నానని పిల్లలు అడిగితే ఒకమ్మాయితో శ్రీశైలంలో కోతి తోసిందన్నాను. ఇంకొకమ్మాయితో మధ్యలో ఆగిన లిఫ్టులోంచి దూకానన్నాను. వాళ్లిద్దరూ ఒకే హాస్టల్ అని నాకేం తెలుసు?

"అక్కా, కోతి లిఫ్టుల ఎక్కిందా ఏంది?" అని ఇద్దరూ కలిసి వచ్చి అడిగారు. అందరం నవ్వాం. అసలు సంగతి మాత్రం నా నోట్లోనే ఉండిపోయింది.

కానీ నవ్వుతో దోసెలు కాలవు కదా. నేను నిలబడకపోతే ఆ సెంటర్ లేదు. తరచూ మూసేస్తున్నానని చూసి, పక్కనున్న జిరాక్స్ షాపాయన ఆ జాగా తనకిమ్మని ఓనరును అడుగుతున్నాడని తెలిసింది. ఆ రోజు ఇక సిగ్గు పక్కన పెట్టి నారాయణగూడలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

ఆమె చూసి, ఆపరేషన్ చేయొచ్చు గాని ముందు షుగర్ తగ్గాలి అంది. అప్పటిదాకా వాడమని ఒక వస్తువు చేతిలో పెట్టింది. మెత్తటి రబ్బరు బుడగ. దానికో సన్న గొట్టం, గొట్టం చివర పిండే బుడ్డి. బీపీ మిషన్‌కు ఉంటుందే, ఆ బుడ్డికి చెల్లెల్లాగా ఉంది. గాలి లేకుండా మడిచి లోపల పెట్టుకోవాలి, బుడ్డి పిండి గాలి నింపాలి. బుడగ ఉబ్బి గర్భసంచిని పైకి ఆనించి పట్టుకుంటుంది. గొట్టానికి ఉన్న చిన్న మూతతో గాలి పోకుండా ఆపాలి. రాత్రి గాలి వదిలి, తీసి, కడిగి ఆరబెట్టుకోవాలి. దాన్ని పెసరీ అంటారట.

"ఎంత గాలి కొట్టాలె మేడం?"

"రోజూ ఒక్క తీరు ఉండదమ్మా. కడుపు ఉబ్బిన రోజు తక్కువ పడ్తది. తక్కువ కొడితే జారుతది, ఎక్కువ కొడితే నొప్పి. లోపల ఒకటి ఉందన్న సంగతే మర్చిపోవాలె. అంతవరకే."

ఆమె చెప్పినట్టే లోపల పెట్టుకుని వరండాలో నడిచాను, మెట్లెక్కాను, దగ్గాను, గొంతుక్కూర్చున్నాను. అన్నీ బాగానే ఉన్నాయి. ఇంటికొచ్చాకే నా బుద్ధి బయటపడింది.

నేను తాళం వేశాక లాగి చూసి, గల్లీ మలుపు దాకా వెళ్లి, వెనక్కొచ్చి మళ్లీ లాగి చూసే రకం. గ్యాస్ రెగ్యులేటర్ తిప్పితే ఇక తిరగనంతవరకు తిప్పుతాను. జారకూడదంటే గట్టిగా ఉండాలి కదా అనుకున్నాను. గట్టిగా కొట్టాను. మధ్యాహ్నానికల్లా ఒంటికి పోదామన్నా రాలేదు. కడుపు బిగుసుకుని, కళ్లలో నీళ్లు తిరిగి, గాలి తీసేసి మంచమెక్కాను. మర్నాడు భయంతో తక్కువ కొట్టాను. ఇడ్లీ పాత్ర ఎత్తేసరికి బుడగ జారింది. ఆ మర్నాడు మళ్లీ ఎక్కువ. డాక్టరమ్మ ఫోన్‌లో కోప్పడింది. "మీకే తెలుస్తదమ్మా" అన్న మాటే మళ్లీ చెప్పింది. నాకు తెలియడం లేదనే కదా నా ఏడుపు.

ఇంకొక్క రోజు చూసి, ఆ జాగా వదిలేసుకుందామని నిర్ణయించుకున్నాను.

మేముండేది చిక్కడపల్లిలో, ఒక పాత ఇంటి కింది పోర్షన్‌లో కిరాయికి. పైన ఓనరమ్మ పుష్పక్క ఒక్కతే ఉంటుంది. మా బాత్‌రూమ్‌కు, సరిగ్గా దాని మీదున్న ఆమె బాత్‌రూమ్‌కు కూడా, గాజు పలకల వెంటిలేటర్ ఉంది. దాని అవతల మనిషి కూడా పట్టని సందు, సందుకు అవతల కొత్త అపార్ట్‌మెంట్ గోడ. ఆ గోడకు కిటికీ గాని, పైపు గాని ఏమీ లేదు.

ఆ పొద్దున బుడ్డి పిండుతున్నాను. మనసంతా జాగా మీద ఉంది. అప్పుడు వెంటిలేటర్ వైపు నుంచి ఒక ఆడగొంతు.

"చాలు."

ముసలి గొంతు కాదు, పడుచు గొంతు కాదు. బంతిలో వడ్డించేవాళ్లు ఇంకో గరిటె వేయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి అంటామే, అంత మామూలుగా ఉంది. నా చెయ్యి దానంతటదే ఆగింది. "ఎవలు?" అన్నాను. పైన పుష్పక్క పాలాయనతో మాట్లాడుతోందనుకుని బయటికొచ్చాను.

ఆ రోజు మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. పిండి గిన్నె నేనే ఎత్తాను. పార్సిళ్లు కట్టాను, పొయ్యి కడిగాను. ఇంటికి నడిచి వస్తుంటే సగం దారిలో గుర్తొచ్చింది, లోపల ఒకటి ఉందన్న సంగతే మర్చిపోయానని. నడిరోడ్డు మీద ఒక్కదాన్నే నవ్వాను. ఒకాయన నన్ను చూసి పక్కకు తప్పుకున్నాడు.

మర్నాడు కూడా అదే గొంతు, అదే మాట. ఆ మర్నాడు కూడా.

ఇక్కడ నా కథల బుద్ధి పనిచేయడం మొదలుపెట్టింది. ఎవరో ఆటాడుతున్నారేమో పట్టుకోవాలి. పుష్పక్కను అడిగితే పాల ప్యాకెట్టు గేటుకు తగిలించిన సంచిలో వేసి పోతాడు, వాడితో మాటలేముంటాయి అంది. ఫోన్ వంటింట్లో పెట్టి వెళ్లాను. గొంతు వచ్చింది. పెసరీ లోపల పెట్టుకోకుండా చేతిలో పట్టుకుని ఊరికే పిండాను. రాలేదు. పెళ్లి భోజనం తిని కడుపు ఉబ్బిన మర్నాడు చాలా ముందే "చాలు" అంది. ఏకాదశి ఉపవాసం మర్నాడు ఎంతసేపు పిండినా అనలేదు, ఇవాళ అలిగిందేమో అనుకుంటుండగా అంది. రెండు రోజులూ నాకు హాయిగానే గడిచింది. ఒక రోజు మొండిగా, ఆ మాట విన్నాక కూడా ఇంకాస్త పిండాను. ఆ పొద్దంతా ఎలా గడిచిందో నాకే తెలుసు. మళ్లీ ఆ పని చేయలేదు.

బయట అపార్ట్‌మెంట్ నుంచి ఎవరైనా అన్నారనుకున్నా, నా ఒంట్లో ఎంత గాలి సరిపోతుందో వాళ్లకెలా తెలుస్తుంది?

మా ఆయనను తలుపు బయట నిలబెట్టాను. ఆయన ముషీరాబాద్‌లో బండ్ల స్పేర్ పార్టుల దుకాణంలో పనిచేస్తాడు. గొంతు నాకు స్పష్టంగా వినబడింది. తలుపు తీసి, "విన్నవా?" అన్నాను.

"విన్న."

"ఏమన్నది?"

"పుస్ పుస్ అన్నది. లోపల పంక్చర్ షాపు పెట్టినవా ఏంది?"

డాక్టరమ్మకు కూడా చెప్పాను. ఆమె నవ్వలేదు. ఎంత కావాలో నా ఒళ్లు నేర్చుకుందని, మెదడు దాన్ని మాటగా వినిపిస్తోందని, ఒంటరిగా దేనిమీదైనా మనసు పెట్టినప్పుడు అలా జరగొచ్చని చెప్పింది. నాకు నచ్చింది. అతుకు అక్కడే ఉందనుకుని నిమ్మళపడ్డాను కూడా.

అయినా ఒక్క అనుమానం మిగిలింది. ఒక సాయంత్రం పైకి వెళ్లి, ఈ ఇంట్లో ఎవరైనా పోయారా అని పుష్పక్కను అడిగాను.

ఆమెకు అరవై దాటాయి. ఏ పనీ పూర్తిగా చేయదు. మోటారు ట్యాంకు నిండకముందే ఆపేస్తుంది, టీ సగం కప్పే పోస్తుంది, మాట సగంలో మింగేస్తుంది. కానీ నా ప్రశ్నకు మాత్రం నిండుగా జవాబిచ్చింది.

"మా ఇంట్ల ఎవ్వలు సావలే. మా అత్త దవాఖానల పోయింది, మామ తీర్థం పోయి ఆడ్నే పోయిండు, మా ఆయన ఆఫీసుల కుర్చీల కూసుండి పోయిండు. కావాలంటే రాసిస్త. నువ్వు గిట్ల బయట చెప్పినవంటే రేపు నా కిందిల్లు ఎవరు తీస్కుంటరే?"

"ఎవ్వరికి చెప్పనక్కా."

"నువ్వా? చెప్పకుంట ఉంటవా?" అని నవ్వి, గొంతు తగ్గించింది. "గది గాదు గని, పొద్దుగాల్నే బాత్‌రూమ్‌ల గా పుస్ పుస్ ఏంది? పైకి ఇనొస్తది."

కోతి కథ నోటి దాకా వచ్చింది. ఎందుకో చెప్పబుద్ధి కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. గర్భసంచి, బుడగ, బుడ్డి, గొంతు, అన్నీ.

ఆమె కొంగు అంచు మడతపెడుతూ, "నాకు చిన్నోడు పుట్టినప్పటి సంది ఉన్నది" అంది.

పాత చీర గుడ్డ మడిచి, గట్టిగా కట్టుకుని ఇన్నేళ్లూ గడిపిందట. కూతురు కరీంనగర్‌లో ఉంటుంది. ప్రతిసారీ కూతురే ఇక్కడికి రావాలి. నాకు ప్రయాణాలు పడవు, కళ్లు తిరుగుతాయి అని అందరికీ చెబుతుంది. నేనూ నమ్మాను. కథ అల్లడంలో నన్ను మించినవాళ్లు లేరనుకున్నాను గాని, ఆమె ఒక్క కథను ఇన్నేళ్లు ఎక్కడా తెగకుండా నడిపింది.

"నీ బిడ్డకన్న చెప్పలేదా అక్కా?"

"ఏమని చెప్తనే... ఇప్పుడు మనవరాలికి పెండ్లి పెట్టుకున్నరు. రమ్మంటున్నది. ఈసారి కూడ రాకపోతే మాట్లాడనన్నది. ఆమెకు నా మీద కోపమే గని, నేనేమో..." అక్కడ మింగేసింది.

మర్నాడే నారాయణగూడ తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఆమెకూ అలాంటిదే ఇచ్చింది. వరండాలో ఇద్దరం కలిసి నడిచాం. నేను దగ్గమంటే ఆమె దగ్గింది. చూసేవాళ్లకు ఏదో జబ్బు అంటుకున్న అక్కాచెల్లెళ్లలా ఉండి ఉంటాం.

కానీ ఇంటికొచ్చాక ఆమె కష్టం నాదానికి పూర్తిగా తలకిందులు. ఆమె చేతులకు భయం. గాలి కొంచెం కొట్టి ఆపేసేది. మెట్లు దిగేలోపు జారేది. నేను పైకి వెళ్లి ధైర్యం చెప్పేదాన్ని. నాకు వినబడినట్టే నీకూ "చాలు" అని వినబడుతుందేమో, అందాకా కొట్టు అని పరాచికం కూడా ఆడాను.

"నాకొద్దు తియ్యే. ఈ వయసుల నాకెందుకు గివన్ని? బిడ్డకు కోపమొస్తే రానియ్" అని దాన్ని డబ్బాలో పెట్టేసింది. పెళ్లి దగ్గరపడుతోంది. నేను బతిమాలితే, ఆఖరుసారి చూస్తా అంది.

మర్నాడు సెంటర్‌కు బయల్దేరబోతుంటే, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ పుష్పక్క మెట్లు దిగి వచ్చింది. ముఖం పాలిపోయింది.

"నువ్వేనా?" అంది.

"నేనేంది?"

"వెంటిలేటర్ కెల్లి మాట్లాడింది నువ్వేనా అని అడుగుతున్న."

"నేను ఇంట్లనే ఉన్న. చీర కుచ్చిళ్లు సరిచేసుకుంటున్న. ఈయన్ని అడుగు." మా ఆయన నోట్లో బ్రష్షుతో తల ఊపాడు.

నా మాటే ఆమె చెవిలో తిరిగి ఉంటుందనుకున్నాను. నేను చెప్పిన కథ నాకే తిరిగి రావడం కొత్త కాదు. "చాలు అన్నదా అక్కా?" అని అడిగాను, నవ్వుతూనే.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"లే. నేను ఆపేసిన. ఆపేసినంక అన్నది. 'ఇంక జర' అని."

నా నవ్వు ఆగిపోయింది. ఆ గొంతు "చాలు" తప్ప ఇంకో మాట అంటుందని నేనెవరికీ చెప్పలేదు. నాకే తెలియదు. చాలు అనే మాట ఆమెకు పనికిరాదని, ఆమెకు కావలసింది ఇంకొంచెం అనే మాటని ఎవరు ఆలోచించారు?

"మరి కొట్టినవా?" అని మాత్రం అడగగలిగాను.

"కొట్టిన. భయంతోని కొట్టిన." అప్పుడే గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి మెట్ల వైపు చూసుకుంది. అన్ని మెట్లూ గబగబా దిగి వచ్చింది మరి. ఏమీ జారలేదు.

పుష్పక్క కరీంనగర్ వెళ్లింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మనవరాలి పెళ్లిలో చివరి బంతి దాకా నిలబడి వచ్చింది. కూతురు ముందు కోప్పడి, తర్వాత ఏడ్చి, అటు తర్వాత తన అత్తగారిని కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిందట. జిరాక్స్ షాపాయన వేరే జాగా చూసుకున్నాడు. నా షుగర్ మెల్లగా దిగుతోంది. ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దామంది డాక్టరమ్మ.

నాకు ఇప్పుడు ఆ గొంతు వినబడదు. చెయ్యి దానంతటదే ఆగుతోంది. డాక్టరమ్మ చెప్పింది నా వరకు సరిపోతుందేమో, పుష్పక్కకు సరిపోదు. ఆ సందులోకి టార్చి వేసి కూడా చూశాను. ఎండుటాకులు, ఒక విరిగిన బకెట్టు, అంతే. అది ఏమిటో, ఎవరో నాకు తెలియదు. తెలుసని చెప్పడం నాకు చాలా తేలిక, కానీ తెలియదు.

మొన్న పైకి వెళ్లినప్పుడు, ఇంకా వినబడుతోందా అని పుష్పక్కను అడిగాను. ఆమె టీ పోస్తోంది.

"ఈ నడుమ ఇనొస్తలేదే" అంది. కప్పు నా ముందు పెట్టి, బాత్‌రూమ్ వైపు చూసింది. "గిప్పుడు ఎవలింట్ల చెప్తున్నదో."