మామ ఫోటో మీద మరక

నా చిన్నప్పుడు, ధర్మవరంలో మా ఇంట్లో చీర మగ్గం దిగిందంటే ముందు నా చేతికే వచ్చేది. చిన్నపిల్లల కళ్ళు చురుకని మా నాయన నమ్మకం. మసి చుక్కో, నూనె మరకో కనిపిస్తే తడిగుడ్డతో అద్ది, గోటితో మెల్లగా గీకి తీసేసేదాన్ని. ఆ పనిలో నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఒకసారి మా మేనమామ వచ్చాడు. ఆయనకు మద్రాసు రాష్ట్రంలో ఒక కొండమీద, నక్షత్రాలను ఫోటోలు తీసే ఆఫీసులో ఉద్యోగం. మర్నాడు బెంగళూరులో వాళ్ళ పెద్ద సారుకు చూపించాలని ఒక గాజుపలక తెచ్చుకున్నాడు. ఆకాశంలో ఒకచోట మసకగా ఏదో ఉందని మామ, ఏమీ లేదని ఆ సారు. మూడు గంటలు టెలిస్కోపు దగ్గర కన్ను తిప్పకుండా కూర్చుని తీసిన ఆ ఒక్క ఫోటోనే ఆయనకు సాక్ష్యం. అదంతా నాకు తర్వాత తెలిసింది.

ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు పలకను వెలుతురుకు పట్టి చూశాను. గాజు నిండా నల్ల చుక్కలు. అవన్నీ ఫోటోలోవే అనుకున్నాను. ఒక మూల మాత్రం పొగచూరినట్టు సన్నటి ఉంగరం. మామ వస్తువు మీద మరకేమిటని తడిగుడ్డ తెచ్చి రుద్ది, గోటితో గీకేశాను. దానితో పాటు గాజు మీది ఫోటో పొర కూడా అక్కడ ఊడి వచ్చింది. మామ రాగానే నేనే గర్వంగా చూపించాను.

మామ కూలబడిపోయాడు. నన్ను కొట్టబోయిన అమ్మను మాత్రం ఆపాడు. పలకను వెలుతురుకు పట్టి, “మచ్చ యాడ కనపడె పాపా నీకు?” అని అడిగాడు. వేలుపెట్టి చూపించాను.

“ఎట్లుండె?”

“ఉంగరం మాదిరి. నడాన ఖాళీ.”

“ఎవురన్నా చెప్పినారా?”

“లేదు మామా, నాకే కనపడె.”

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వుతున్నాడు కూడా. “నేను చెప్పకుండానే ఇంకో మనిషికి కనపడె! ఆడ ఉండాదిలే. మళ్ళా తీస్తా.”

నాకేమీ అర్థం కాలేదు. అది ఆరిపోయే నక్షత్రం వదిలిన పొగ లాంటిదన్నాడు. దాని ఇంగ్లీషు పేరులో గ్రహం ఉంది గానీ గ్రహం కాదన్నాడు. గాజు మీద నలుపే ఆకాశంలో వెలుగన్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియక ఆయన ముఖం, అమ్మ ముఖం మార్చి మార్చి చూశాను.

ఆ సారు నమ్మాడో లేదో మామ ఎన్నడూ చెప్పలేదు, అడిగే ధైర్యం నాకు రాలేదు. “ఆడ ఉండాదిలే” అని నన్ను ఊరడించడానికే అన్నాడేమోనని ఇప్పటికీ అనుమానమే. కానీ మనవళ్ళు ఏదైనా పాడుచేసి ఎదురుగా నిలబడినప్పుడు, ఎంత కోపం వచ్చినా, ముందు “నీకేం కనపడె నాయనా?” అనే అడుగుతాను.