కుట్టు షెడ్డులో మాటలు ఆగిపోయిన ఏడాది

అచ్యుతాపురంలో ఒక బట్టల కంపెనీలో తొమ్మిదేళ్లు పనిచేశాను. చివరి మూడేళ్లు లైన్ సూపర్‌వైజర్‌ని. మా మేనేజరు ఆడవాళ్ల వెనక నిలబడి గడియారం చూసుకునేవాడు. బాత్రూంకి వెళ్లాలన్నా టోకెన్ తీసుకోవాలి. కడుపుతో ఉన్న ఒకామె టోకెన్ కోసం చూసి చూసి, మిషను మీదే తల వాల్చేసింది. నేనెప్పుడైనా సొంతంగా ఏదైనా పెడితే ఇలా మాత్రం నడపకూడదని ఆ రోజే అనుకున్నాను.

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఒక రేకుల షెడ్డు దొరికింది. ఎనిమిది మిషన్లతో యూనిఫాంలు కుట్టే పని మొదలుపెట్టాను. అదే కంపెనీలో కటింగ్ చేసే ఒక పెద్దావిడ నాతో వచ్చేసింది. యాభై దాటి ఉంటాయి. పద్మనాభం దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. నేను పిన్నీ అని పిలిచేదాన్ని. మా నాన్న స్టీలు ప్లాంటు ఉద్యోగానికి గోదావరి జిల్లా నుంచి వచ్చినవాడు, ఇక్కడ మాకు చుట్టాలెవరూ లేరు. ఆ పిలుపులో నాకు అవసరం కూడా ఉంది. మిగతా ఆడవాళ్లను వాళ్ల చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆమే తీసుకొచ్చింది.

మొదటి రెండేళ్లు షెడ్డు ఇల్లులా నడిచింది. పసిపిల్లలు ఉంటే తీసుకొచ్చేవారు. మిషన్ల చప్పుడు మీదుగా కబుర్లు సాగేవి. ఎవరైనా తప్పు కుడితే పిన్ని కత్తెర బల్ల మీద టకటక కొట్టి, "ఏటి సేత్తన్నావే, అది మెడ పట్టీ, సేతిది కాదు" అనేది. అందరూ నవ్వేవారు. తప్పు అక్కడికక్కడే సర్దుకునేది.

రెండో ఏడు చివర, వరి ఊడ్పుల రోజుల్లో ఒక హాస్పిటల్ కోట్ల పని మీద ఉండగా నలుగురు పొలాలకు వెళ్లిపోయారు. నేను వద్దనలేకపోయాను. సరుకు నాలుగు రోజులు ఆలస్యమైంది. ఆర్డర్లు తెచ్చే ఏజెంటు షెడ్డు గుమ్మంలో నిలబడి, మిగతా ఆడవాళ్లందరూ వింటుండగా అన్నాడు:

"ఏటండీ, కంపెనీ పెట్టారా, పేరంటం పెట్టారా?"

ఆ మాట నన్ను వారం రోజులు తొలిచేసింది. మంచితనంతో నడుపుదామనుకున్నదాన్ని, నవ్వులపాలయ్యానని ఏడ్చాను. ఇంకెలా నడపాలో ఎవరినీ అడగలేదు. నాకు తెలిసిన పద్ధతి ఇంకొకటే ఉంది. తొమ్మిదేళ్లు దాని కిందే పనిచేశాను.

సోమవారం నుంచి పని మొదలుకి గంట కొట్టడం పెట్టాను. ఫోన్లు గుమ్మం దగ్గర డబ్బాలో వేయాలి. పిల్లల్ని తేకూడదు. మిషను దగ్గర మాటలుండకూడదు. రావడం పదిహేను నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు జీతం కోత.

ఆ వారంలోనే పద్మనాభం బస్సు దారిలో ఆగిపోయింది. పిన్ని అరగంట ఆలస్యంగా, చెమటలు కక్కుకుంటూ వచ్చింది. "బస్సు సెడిపోనాదమ్మా. ఆకరి రెండు కిలోమీటర్లూ నడిసొచ్చేను" అంది.

అందరూ నా మొహమే చూస్తున్నారు. ఇప్పుడు వదిలేస్తే రేపు ఎవరూ వినరని అనిపించింది.

"రూలు అందరికీ ఒకటే," అన్నాను. ఆమె చూస్తుండగానే హాజరు పుస్తకంలో సగం రోజు రాశాను.

ఆమె మంచినీళ్లు తాగి బల్ల దగ్గరికి వెళ్లి కత్తెర తీసింది. సాయంత్రం వెళ్తూ, "ఎల్లొత్తాను మేడం" అంది. అంతకు ముందు ఆమె నోట 'మేడం' అన్న మాట ఎప్పుడూ వినలేదు. నాకు గుచ్చుకుంది. కానీ నిజం చెప్పాలంటే, కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

షెడ్డు నిశ్శబ్దమైపోయింది. పని టైముకి అవుతోంది. ఏజెంటు మెచ్చుకున్నాడు, పెద్ద ఆర్డరు తెచ్చాడు. ఒక మందుల ఫ్యాక్టరీకి రెండు వందల తెల్లకోట్లు. జేబు గుర్తు పెట్టే అట్టను నేనే తయారు చేసి, నేనే మొదటి గుడ్డ మీద పెట్టి చూపించాను. తొందరలో దాన్ని తిరగేసి పెట్టాను. ఎడమ వైపు ఉండాల్సిన జేబు కుడివైపుకి వచ్చింది. రెండు వందలకీ అలాగే వచ్చింది.

ఏజెంటు మొదటి కట్ట విప్పగానే ఆ సంగతి తెలిసింది. అతను కోటు తొడుక్కుని, పెన్ను పెట్టుకోబోయి, జేబు లేని ఎడమ వైపు తడుముకున్నాడు. ఈసారి ఎగతాళి కూడా చేయలేదు. సరుకు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

నేను లోపలికి వచ్చి పిన్నిని అడిగాను. "నువ్వు కట్ చేశావు కదా. చూసుకోలేదా?"

"మొదటి దినమే సూసేను మేడం."

"చూసి ఎందుకు చెప్పలేదు?"

"సెప్దామనే లేసేను. 'మీ పని మీరు చూసుకోండి' అన్నారు తమరు. కూకుండిపోనాను."

మిగతా వాళ్లు తలలు దించుకున్నారు. వాళ్లలోనూ చాలామంది చూశారని అప్పుడర్థమైంది. పిన్ని లేచి నిలబడటం నాకు గుర్తొచ్చింది. ఆ రోజు నేను తల కూడా ఎత్తలేదు.

జేబులు విప్పడానికి మూడు రోజులు పట్టింది. విప్పిన చోట సూది రంధ్రాలు మిగిలిపోయాయి. ఆ కోట్లను ఎవరూ తీసుకోలేదు. పిన్ని ఆ మూడు రోజులూ అందరికంటే ముందొచ్చింది, అందరికంటే ఎక్కువ విప్పింది. నెలాఖరున మానేసింది. వాళ్ల ఊళ్లోనే జాకెట్లు కుట్టుకుంటోందని తర్వాత తెలిసింది.

ఒక ఆదివారం వెతుక్కుంటూ వెళ్లాను. అరుగు మీద మిషను వేసుకుని ఉంది. కుర్చీ తెచ్చి వేసింది, టీ ఇచ్చింది. రూళ్లన్నీ తీసేస్తాను, తిరిగి రమ్మన్నాను.

"నువ్వు సెడ్డదానివి కాదమ్మా," అంది. "నానే ఆ కంపెనీ నుంచి నీ ఎనకాల వొచ్చేసినాను. ఎందుకొచ్చినానో నీకు తెలుసు. మల్లీ అదే కంపెనీ నీ మొకంలో కనిపించినాది. ఇంక నాకొద్దు."

టీ చల్లారిపోయే దాకా కూర్చుని బస్సెక్కాను.

చెప్పినట్టే రూళ్లు తీసేశాను. గంట తీసేశాను, ఫోన్ల డబ్బా తీసేశాను. తప్పులుంటే చెప్పండి, నాదైనా సరే అని రెండు మూడు సార్లు అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. తలలూపారు. నేను బయట ఉన్నంతసేపు లోపల నవ్వులు వినిపిస్తాయి. చెప్పులు విడిచి గడప దాటగానే మిషన్ల చప్పుడు ఒక్కటే మిగులుతుంది. ఇప్పుడు ప్రతి కోటూ నేనొక్కదాన్నే తిప్పి తిప్పి చూసుకుంటాను.