లవోనా పేరు మీద ఫోను

లవోనా స్టిడమ్‌కి నలభై నాలుగేళ్ళు. తూర్పు కెంటకీ కొండల్లో, స్లేట్ వాగు వెంట పైకి పోయే ఇరుకు రోడ్డు మీద పదకొండేళ్ళుగా స్కూలు బస్సు నడుపుతోంది. ఆ వాగు పొడుగునా ఏ ఇంటి పిల్లకి పొద్దున్నే లేవడం బద్ధకమో, ఏ ఇంటి కుక్క చక్రాలకి అడ్డం పడుతుందో, ఎవరు కడుపులో ఏమీ లేకుండా బస్సెక్కుతారో ఆమెకి తెలుసు. అలాంటి పిల్లల కోసం సీటు పక్కన వేరుశనగ వెన్న బిస్కెట్లు పెట్టుకునేది. మంచు పడి రోడ్డు మూసుకుపోతే, అంత పెద్ద బస్సునీ వెనక్కి వెనక్కే అరమైలు నడిపి కిందికి తెచ్చిన మనిషి. వాగు వాళ్ళందరికీ ఆమె అంటే గౌరవం. ఆ మనిషే ఇంట్లో మొగుడి ముందు గ్లాసు కింద పెట్టేటప్పుడు కూడా చప్పుడు కాకుండా చూసుకునేదని వాళ్ళకి తెలియదు.

మొగుడి పేరు రాండల్. టైర్ల దుకాణంలో పని. పెళ్ళయిన రెండో ఏట ఆమె మెడ కింది ఎముక విరగ్గొట్టాడు. మెట్ల మీద జారిపడ్డానని ఆసుపత్రిలో చెప్పింది. తర్వాత తర్వాత చెయ్యి చేసుకోవడం తగ్గించాడు. ఆ అవసరం లేకపోయింది. ఇద్దరి ఫోన్లూ అతని పేరు మీదే ఉండేవి, బిల్లు అతనికే వచ్చేది. అతని ఫోనులో ఒక పటం, ఆ పటం మీద నీలం చుక్క. ఆ చుక్క లవోనా. బస్సు ఎక్కడెక్కడ ఆగాలో అతను కంఠతా పట్టాడు. ఆగకూడని చోట చుక్క ఆగిందంటే, సాయంత్రం అతను గుమ్మంలోనే నిలబడి ఉండేవాడు.

"పెట్రోలు బంకులో పదకొండు నిమిషాలు ఏం వెలగబెట్టావే?"

"డబ్బు కట్టే చోట వరసుంది."

"వరసలో ఎవడున్నాడు?"

ఆ ఫోను ఎక్కడైనా పారేసి మాయమైపోదామని ఆమెకి ఎన్నోసార్లు అనిపించింది. పారేయలేకపోవడానికి కారణం టెస్సా. టెస్సా మొదటి పెళ్ళిలో ఆమెకి పుట్టిన కూతురు. పద్దెనిమిదో ఏట, రాండల్ తలుపు బద్దలు కొట్టి గదిలోకి వచ్చిన మర్నాడు, చేతిసంచితో ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. రెండేళ్ళలో ఒకే ఒక్కసారి, మార్చిలో, లెక్సింగ్టన్ పట్నంలో ఏదో బట్టలుతికే దుకాణం నుంచి ఫోన్ చేసింది. "బతికే ఉన్నానమ్మా, ఏడవకు" అని, ఇంకో నాలుగు మాటలు మాట్లాడి పెట్టేసింది. రాండల్ కాల్స్ జాబితాలో ఆ కొత్త నెంబరు చూశాడు. వెంటనే తిరిగి ఫోన్ చేసి, ఎత్తింది ఎవరో కూడా అడక్కుండా పచ్చి బూతులు తిట్టాడు. ఆ తర్వాత టెస్సా ఫోన్ చేయలేదు. కానీ ఆ పిల్లకి తల్లిని చేరుకునే దారంటూ ఉంటే, చిన్నప్పుడు బట్టీపట్టిన ఆ నెంబరొక్కటే.

ఏప్రిల్‌లో వానలకి వాగు పొంగి మల్లిన్స్ వాళ్ళ చిన్న వంతెన కొట్టుకుపోయింది. ఆ ఇంటి అక్కచెల్లెళ్ళిద్దరూ కొండ చుట్టూ తిరిగి, మోకాళ్ళ దాకా బురదతో వచ్చేవరకూ లవోనా బస్సు ఆపి ఉంచింది. తొమ్మిది నిమిషాలు. తర్వాతి మలుపు తిరిగేసరికి రాండల్ ట్రక్కు రోడ్డుకి అడ్డంగా నిలిపి ఉంది.

అతను వచ్చి బస్సు తలుపు అద్దాన్ని పిడికిలితో బాదాడు. "దిగవే! ఎవడితో ఆగావక్కడ?"

"రాండల్, లోపల పిల్లలున్నారు."

"ఉండనీ, వాళ్ళూ విననీ! ఆ ఫోను నాది, ఆ నెంబరూ నాదే. ఇవ్వాళే ఆపించేస్తా. అప్పుడు నీ కూతురు ఎవరికి ఫోన్ చేసుకుంటుందో చూద్దాం."

బస్సులో ఇరవయ్యారు మంది పిల్లలు. ముందు సీట్లో ఒకటో తరగతి పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. వెనకెవరో పెద్దపిల్ల "ఏం కాదులే, కళ్ళు మూసుకో" అంటోంది. తిట్లకన్నా ఆ మాటే లవోనాకి ఎక్కువ తగిలింది. అలా కళ్ళు మూసుకోమనడం ఆ పిల్ల తన ఇంట్లో నేర్చుకుని ఉంటుందని తోచింది.

వెనక నుంచి బొగ్గు లారీ హారన్ కొట్టడంతో రాండల్ ట్రక్కు తీశాడు. లవోనా పిల్లల్ని బళ్ళో దింపి, బస్సుల షెడ్డుకి వచ్చి, స్టీరింగు వదలకుండా కూర్చుండిపోయింది. డ్రైవర్లలో అందరికన్నా పెద్దది జెనీవా టాకెట్, అరవై మూడేళ్ళది, మెట్లెక్కి వచ్చి పక్కన నిలబడింది.

"లారీవాడు డ్రైవర్ల రేడియోలో చెప్పాడు. ఏమే, ఇంకెన్నాళ్ళు?"

"నెంబరు ఆపేయిస్తానన్నాడు, జెనీవా."

"నీ ప్రాణం గురించి అడుగుతుంటే నెంబరంటావేంటే?"

లవోనా టెస్సా సంగతి చెప్పింది. అంతా ఒకేసారి, ఆపకుండా. జెనీవా టోపీ తీసి నెత్తి గోక్కుంది. "నా మొదటి మొగుణ్ణి వదిలి పారిపోయినప్పుడు ఈ దిక్కుమాలిన ఫోన్లు లేవు. అందుకే దొరకలేదు. ఆ ఫోను బస్సులోనే వదిలెయ్. నువ్వు షెడ్డులో ఉన్నావనే అనుకుంటాడు వాడు. మధ్యాహ్నం బస్సు తీసే లోపల తిరిగొచ్చేద్దాం. లే."

ఊళ్ళో పాత బ్యాంకు కింది అంతస్తులో ఆడవాళ్ళ సహాయ కేంద్రం ఉంది. అక్కడ కూర్చునే కొరీన్ ఒకప్పుడు నర్సు. తొందరపెట్టని మనిషి. అంతా విని, మొదట కాఫీ ఇచ్చి, తర్వాత కాగితం తీసింది.

"నెంబరు పోదు తల్లీ. ఇలాంటి ఇళ్ళ నుంచి బయటపడేవాళ్ళ కోసమే చట్టం ఉంది. అతని ఖాతాలోంచి నీ లైను విడగొట్టి నీ పేరున పెట్టాల్సిందే కంపెనీవాళ్ళు. అతన్ని అడగక్కర్లేదు. నేను సంతకం పెట్టిన కాగితం చాలు. ఆ పైన ఆరు నెలలు బిల్లులో రాయితీ కూడా వస్తుంది."

"రాయితీయా? అది లేనివాళ్ళకిచ్చేది కదండీ. నేను ఉద్యోగం చేసుకునేదాన్ని. చెయ్యి చాచలేను."

"జీతం ఎవరి చేతికొస్తుంది?"

"రాండల్ ఖాతాలోకే పోతుంది."

"అదీ సంగతి," అంది కొరీన్. "ఇంకో మాట. పటం మీద చుక్క మాయమైన రోజున నువ్వు ఆ ఇంట్లో ఉండకూడదు. ఆ రోజే ఇలాంటి మగాళ్ళకి ఎక్కువ పిచ్చెత్తేది."

కేంద్రం ఫోను నుంచే కంపెనీకి చేశారు. అవతలి కుర్రది ఖాతా ఎవరి పేరున ఉందో ఆయనకి ఫోనివ్వమంది. లవోనా విషయం చెప్పింది. "సారీ అండీ, మీ వారు ఒప్పుకుంటే తప్ప…" అంది ఆ కుర్రది. లవోనా ఫోను కింద పెట్టేయబోయింది. కొరీన్ దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుంది. "అమ్మాయ్, నీ తప్పు కాదులే, నీకెవరూ చెప్పినట్టు లేరు. ఇలాంటి వాటిని చూసేవాళ్ళు మీ దగ్గర వేరే ఉంటారు. వాళ్ళకివ్వు. నేను ఆగుతాను, నాకు పనేం లేదు." నిజానికి గుమ్మం బయట ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కాచుకుని ఉన్నారు. యాభై నిమిషాల తర్వాత మూడో మనిషికి అర్థమైంది. రెండు పనిరోజుల్లో అవుతుందన్నారు.

ఆ రెండు రోజులూ ఆమె మామూలుగా వంట చేసింది. చిక్కుడుగింజలు ఉడికించింది, మొక్కజొన్న రొట్టె కాల్చింది. రాండల్‌కి క్షమాపణ కూడా చెప్పింది. నెంబరు ఆపించే మాట అతను మళ్ళీ ఎత్తలేదు. మూడోరోజు పొద్దున చేతికి దొరికిన బట్టలు నాలుగు బస్సు డ్రైవరు సంచిలో కుక్కుకుని వెళ్ళింది, ఇక తిరిగి రాలేదు. పాత ఫోనులో అతను ఏమేం పెట్టాడో తెలియదని కొరీన్ దాన్ని తీసేసుకుని, ఎవరో దానమిచ్చిన ఫోనులో ఆమె నెంబరు వేసి ఇచ్చింది. రాయితీ కాగితం మీద లవోనా సంతకం పెట్టింది. రాండల్‌ది అయిన ఇంటిపేరు దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది.

చుక్క మాయమైన గంటలోపే రాండల్ బస్సుల షెడ్డుకి వచ్చాడు. గేటు దగ్గర జెనీవా తన బస్సు అడ్డం పెట్టి దిగలేదు. పోలీసులొచ్చారు. ఆ వారంలోనే జడ్జీ అతన్ని లవోనా దగ్గరికి రావద్దని ఉత్తర్వు ఇచ్చాడు. అయినా స్లేట్ వాగు రోడ్డు అందరిదీ. వాగు పక్కన చేపలు పడుతున్నట్టు ట్రక్కు ఆపుకుని, బస్సు వెళ్తుంటే చూస్తూ కూర్చునేవాడు. ఒకరిద్దరు తల్లిదండ్రులు బళ్ళో భయం చెప్పుకున్నారు.

స్కూలు అధికారి లవోనాని పిలిచాడు. మంచివాడే. ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. "పిల్లల భద్రత లవోనా… కొన్నాళ్ళు బడి వంటగదిలో పనిచెయ్యి."

"తప్పు చేసింది నేను కాదు కదండీ."

"కాదు. నాకు తెలుసు."

మర్నాటి నుంచి ఆమె వంటగదిలో పళ్ళేలు కడిగింది. కిటికీలోంచి తన బస్సు వచ్చి ఆగడం కనిపించేది. కొత్త డ్రైవరు మలుపు ఎక్కువ తీసుకుని ప్రతిసారీ గట్టు ఎక్కించేవాడు. మల్లిన్స్ చిన్నపిల్ల రోజూ కిటికీ దగ్గరికి వచ్చి "మళ్ళీ ఎప్పుడు నడుపుతావు?" అని అడిగేది. లవోనా ఒకరోజు ఆ మాట విని లోపలికి వెళ్ళి, గిన్నెల గదిలో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇల్లు వదిలినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

జెనీవా ఇంట్లో వెనక గది ఆమెది. మే నెలలో ఒక ఆదివారం, లెక్సింగ్టన్ బట్టలుతికే దుకాణం నెంబరుకి తనే చేసింది. మార్చిలో ఒక్కసారి చూసిన నెంబరు, ఒక్క అంకె కూడా మరిచిపోలేదు. ముసలాయనెవరో ఎత్తి, ముందు కసిరాడు. "మళ్ళీ తిట్టడానికా? మీ ఊరివాడొకడు చేసి…"

"వాడు తిట్టినందుకు క్షమించమని అడగడానికే చేస్తున్నానండీ. ఇప్పుడు వాడి దగ్గర లేను. టెస్సా అని నా కూతురు, అక్కడికొస్తే ఆ మాటొక్కటి చెప్పండి."

టెస్సా తొమ్మిది రోజుల తర్వాత చేసింది.

"పక్కన ఉన్నాడా?"

"లేడు."

"ఉన్నా లేడనే అంటావు. నేను చేశానని వాడికి తెలుస్తుందిగా. బిల్లులో చూస్తాడు."

"బిల్లు నాకొస్తుందే. నా పేరున."

"ఎందుకు అప్పుడే వదిలెయ్యలేదమ్మా?" అంది టెస్సా. గొంతులో కోపం ఉంది. "నేనున్నప్పుడే?"

లవోనా భయపడ్డానంది. అది చాలదని ఆమెకీ తెలుసు. టెస్సా పెట్టేసింది. కానీ రెండు వారాలకి మళ్ళీ చేసింది. పంటినొప్పి, లవంగనూనె ఎంత వేసుకోవాలి అని అడగడానికి.

ఆగస్టులో బళ్ళు తెరిచినప్పుడు లవోనాకి కొండకి అవతలి వైపున వేరే దారి ఇచ్చారు. తెలియని మలుపులు, తెలియని పిల్లలు. ఎవరు ఆకలితో వస్తారో మళ్ళీ మొదటి నుంచి కనిపెట్టాలి. రాండల్ ట్రక్కు అప్పుడప్పుడు అక్కడా కనబడుతుంది. తేదీ, వేళ రాసి కొరీన్‌కి ఇస్తుంది. ఆరు నెలల రాయితీ అయిపోయాక, ఆదాయం తక్కువన్న అర్హత మీద కొనసాగించమని కాగితాలు పంపింది. జీతం మొత్తం ఇప్పుడు తన ఖాతాలోకే వస్తోంది గనుక ఇవ్వలేమన్నారు. పూర్తి బిల్లు కట్టడానికి శనివారాలు జెనీవా చెల్లెలి దుకాణంలో కూర్చుంటోంది.

నవంబరులో, ఇంటిల్లిపాదీ కలిసి టర్కీ కోడి వండుకునే పండక్కి టెస్సా వస్తానంది. లవోనా, జెనీవా కలిసి మధ్యాహ్నం దాకా పొయ్యి దగ్గరే ఉన్నారు. నాలుగింటికి ఫోన్ మోగింది. బస్సు తప్పిపోయిందంది టెస్సా. అది సాకేనని తోచినా, ఏ బస్సు అని లవోనా అడగలేదు. కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుంది, సిగ్నలు అక్కడే బాగుంటుంది. వంటలన్నీ చల్లారేదాకా కూతురు చెప్పే పని గొడవలూ, అద్దె ఇంటి పైకప్పు కారుతున్న సంగతీ వింటూ కూర్చుంది.