నేను చదివి చెప్పని రూలు

నా కూతురు టీవీలో బాక్సింగ్ గెలిచింది. ఆ గెలుపు మాట మా ఇంట్లో ఎవరమూ ఎత్తం.

అశోక్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్‌లో నేను వంట చేస్తాను. అందరూ ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలే. మాది పాలమూరు వైపు. ఈ ఊరికి పని కోసం వచ్చినప్పుడు నాకు సంతకం రాదు. ఏ కాగితం ముందు పెట్టినా "ఏం రాసిండ్రు సార్?" అని అడిగేదాన్ని. "అన్నీ మామూలే, ఇక్కడ వెయ్యి" అనేవాళ్లు. బొటనవేలి ముద్ర వేసేదాన్ని. నలభై దాటాక, చిక్కడపల్లిలో నేను గిన్నెలు తోమే ఇంటి టీచరమ్మ గారు మధ్యాహ్నాలు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. ఇప్పటికీ వరుస కింద వేలు పెట్టుకునే చదువుతాను. పెదవులు కదులుతాయి. ఎవరైనా చూస్తుంటే సిగ్గేస్తుంది.

నా బిడ్డకు పదిహేడేళ్లు. నారాయణగూడలో ఒక జిమ్‌కు పోతుంది. రాంనగర్ నుంచి వచ్చే ఇంకో పిల్లదీ అదే వయసు, అదే బరువు. రోజూ ఇద్దరూ ఒకరితో ఒకరు తలపడేవాళ్లు. దానికంటే ముందు ఒకరి చేతులకు ఒకరు పట్టీలు చుట్టుకునేవాళ్లు. టీవీ వాళ్లు పోటీ పెట్టి ఇద్దరినీ ఎంచుకున్నారు. పద్దెనిమిది నిండలేదు కాబట్టి తల్లుల సంతకాలు కావాలన్నారు.

జిమ్‌లో బెంచీ మీద ఇద్దరం తల్లులం పక్కపక్కన కూర్చున్నాం. ఆమె ఇస్త్రీ బండి నడుపుతుంది. రూల్స్ తెలుగులోనే ఉన్నాయి, ఆరు పేజీలు. నేను వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాను. నాలుగో పేజీలో ఉంది: సెమీఫైనల్ నుంచి జడ్జీల మార్కులు సగం, ప్రేక్షకుల ఓట్లు సగం. ఓటింగ్ మొదటి గంట మోగగానే మొదలు, ఆఖరి గంటకు బంద్. రెండుసార్లు చదివాను.

ఆమె నా వైపు వంగింది. "ఏం రాసిండ్రు అక్కా?"

"అన్నీ మామూలే" అన్నాను.

ఆమె వేలిముద్ర వేసింది. నేను నా పేరు మొత్తం రాశాను, పొట్టి సంతకం కాదు.

ఆ మాట ఎందుకన్నానో ఇన్ని రోజులుగా తవ్వుకుంటున్నాను. నలుగురిలో కూడబలుక్కుంటూ చదవాలంటే సిగ్గేసిందని చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. కొంత నిజమే. అప్పటికి పిల్లలిద్దరూ ఎదురెదురు పడతారని కూడా తెలియదు. కానీ తరువాత సెమీఫైనల్‌కు చీటీలు తీస్తే వాళ్లిద్దరి పేర్లే జతపడ్డాయి. మధ్యలో వారం ఉంది. అశోక్‌నగర్ నుంచి రాంనగర్ ఎంత దూరమని? నేను పోలేదు.

దానికి బదులు నేను చేసింది ఇది. మ్యాచ్ లైవ్‌లో వచ్చేది సరిగ్గా రాత్రి మెస్‌లో వడ్డించే వేళకు. ఆ రోజు గుడ్ల పులుసు. మనిషికి ఒక గుడ్డే ఇస్తాం. నేను నా సొంత డబ్బుతో ఇంకో నాలుగు ట్రేలు ఉడకబెట్టాను. టీవీలో గంట మోగింది. గరిటె పట్టుకుని చెప్పాను: "ఫోన్‌ల మా బిడ్డకేసిన ఓటు చూపియ్యండి, రెండో గుడ్డు తీస్కోండి."

పిల్లలు ఒకటే నవ్వు. "అక్కా, నువ్వు ఎలక్షన్ల నిలబడు, మేం గెలిపిస్తం!" "నా రూమ్మేట్ ఫోన్ గూడ తెచ్చిన, మూడో గుడ్డుందా?" ఊళ్లకు ఫోన్లు చేసి తమ్ముళ్లతో, అక్కలతో వేయించారు. పక్క హాస్టల్ వాళ్లకు చెప్పారు. ఇంకా మొదటి రౌండైనా ముగియలేదు, వరుస గోడదాకా ఉంది.

ఒక్క పిల్ల మాత్రం ప్లేటు పట్టుకుని నిలబడింది. "నేను చూసి ఏస్త అక్కా. ఎవ్వరు మంచిగ ఆడితే వాళ్లకు."

"అప్పటికి బంద్ అయితది బిడ్డా."

"అట్లెట్ల? ఆట అయిపోకముందే ఓటా?"

"రూలు గట్లనే ఉంది" అన్నాను. ఆమె ఒక్క గుడ్డుతోనే పోయి కూర్చుంది.

వరుస తగ్గాక నేనూ టీవీ వైపు తిరిగాను. బాక్సింగ్ గురించి నాకు తెలిసింది తక్కువ. కానీ నా బిడ్డ వెనక్కి వెనక్కి పోవడం కనిపించింది. ఆఖరిదాకా అంతే. రాంనగర్ పిల్ల ఎడమచేయి ఎప్పుడు లేచేదో నా బిడ్డకు ఒక్కసారి కూడా అంతుపట్టలేదు. జడ్జీలు ముగ్గురూ ఆ పిల్లకే ఇచ్చారు. తరువాత ఓట్లు కలిపారు. నా బిడ్డ చెయ్యి పైకెత్తారు. మెస్ అంతా కేకలు. తెర మీద నా బిడ్డ ఎత్తిన తన చేతిని చూడకుండా పక్కకు చూస్తోంది.

ఇంటికొచ్చి బ్యాగు కింద పెట్టింది. "నేను ఓడిపోయిన అమ్మా."

"టీవీల నువ్వే గెల్చినవని చెప్పిన్రు గదా."

"దెబ్బలు తిన్నది నేను. నాకు తెల్వదా?" నా వైపు తిరిగి అడిగింది. "ఓట్లు సగమని నీకు ముందే ఎర్కనా?"

అబద్ధం చెప్పలేకపోయాను. కాగితంలో చదివానని చెప్పాను. పక్కనున్న ఆమె అడిగిందని, నేను ఏమన్నానో అదీ చెప్పాను. నా బిడ్డ పళ్లెం పక్కకు జరిపింది. అన్నం ముట్టలేదు.

పొద్దున్నే టీవీలో ఆ పోటీ చూసుకునే ఆయనకు ఫోన్ చేసి ఫైనల్ ఆడనని చెప్పింది. నేను ఫోన్ తీసుకున్నాను. "సార్, మా జాగ రాంనగర్ పిల్లకు ఇయ్యండి."

"అట్ల కుదరదమ్మా. ఆ అమ్మాయి ఎలిమినేట్ అయిపోయింది. మీరు తప్పుకుంటే ఓట్లలో తరువాత ఉన్నవాళ్లకు పోతది. ఐదో పేజీలో ఉంది చూడండి."

చూశాను. ఉంది. గుడ్ల సంగతి కూడా చెప్పాను. ఆయన నవ్వి, "అది తప్పని ఎక్కడా రాయలేదు కదమ్మా" అన్నాడు. నిజమే, ఎక్కడా రాయలేదు.

"అయినా నేను ఆడ" అంది నా బిడ్డ. తప్పుకుంటున్నట్టు కాగితం మీద సంతకం మళ్లీ నాదే.

ఆ సాయంత్రం ఆరు పేజీలూ పట్టుకుని రాంనగర్ పోయాను. ఆమె బండి దగ్గర చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. చదివి వినిపిస్తానంటే సరేనంది. రోడ్డు మీద జనం పోతున్నారు. వేలు పెట్టి, ఆగి ఆగి, గట్టిగా చదివాను. నాలుగో పేజీ అయ్యాక ఆమె ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది.

"గీ ముక్క ఆ దినం నీకు కనవడ్డదా?"

"కనవడ్డది. మెస్‌ల పిల్లలకు గుడ్లు పెట్టి ఓట్లు గూడ ఏపిచ్చిన."

"తెలిసుంటే మా వాడోళ్లు గూడ ఏస్తుండె. గుడ్లు పెట్టకున్నా ఏస్తుండె."

ఆమె పెట్టె మళ్లీ అందుకుంది. కాలరు తిప్పి వేసింది. "ఇంక రెండు పేజీలున్నయి గదా, చదువు" అంది.

చదివాను. ఆమె ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.